హాబీ: పాత సినిమాలు చూడటం

డీఏఎఫ్‌లో హాబీ కింద ఈ మాటే రాశాను. మాక్ ఇంటర్వ్యూలో 'పథేర్ పాంచాలీ' గురించి అడిగితే 1955, సత్యజిత్ రే, వాస్తవికత అంటూ నోట్సు అప్పజెప్పాను. "బాబూ, అసలు సినిమా చూశావా?" అన్నారు ప్యానెల్లో పెద్దాయన. చూళ్లేదు.

ఆ రాత్రి నుంచి రోజుకొకటి చూస్తున్నా.

'దో బీఘా జమీన్' (1953): జమీందారు అప్పు తీర్చడానికి కలకత్తా వచ్చి రిక్షా లాగే రైతు. భూసంస్కరణల చాప్టర్ కంటే ముందు ఇది చూడండి.

'ఒక ఊరి కథ' (1977): ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను మృణాల్ సేన్ తెలుగులో తీశారు. పని చేయనని మొండికేసిన ముసలాడిది సోమరితనమా, నిరసనా? రెండ్రోజులు తేలలేదు.

'ప్రతిద్వంది' (1970) దగ్గర మాత్రం ఆగిపోయాను. గత పదేళ్లలో అతి ముఖ్యమైన ఘటన ఏదని బోర్డు అడుగుతుంది. వియత్నాం యుద్ధం అంటాడు సిద్ధార్థ. మరి చంద్రుడి మీద దిగడమో? అది ఊహించదగ్గదే, మామూలు జనం అంతగా ఎదిరించి నిలబడటం మాత్రం ఎవరూ ఊహించలేదంటాడు. నువ్వు కమ్యూనిస్టువా అని అడుగుతారు. ఉద్యోగం రాదు.

నేనైతే చంద్రుడనే చెప్పేవాణ్ణి. ఇది మూడో అటెంప్ట్, నాన్న పంపే డబ్బుతో నడుస్తున్న గది.

చివర్లో ఇంకో ఇంటర్వ్యూ. ఉక్కపోత, కుర్చీలు చాలని వరండా, ఒకడు కళ్లు తిరిగి పడిపోతాడు. సిద్ధార్థ లోపలికి దూసుకెళ్లి బల్ల తిరగేస్తాడు. హాయిగా అనిపించింది, ఆ వెంటనే భయమేసింది.

డీఏఎఫ్‌లో హాబీ ఇక మార్చలేను. అసలు బోర్డు ముందు సినిమా ప్రస్తావన వస్తే 'ప్రతిద్వంది' పేరే చెబుతా. ఆ ప్రశ్న నన్నే తిరిగి అడిగితే ఏమంటానో ఇంకా తేల్చుకోలేదు.