రైలు కట్టిన ఊరు

మన ప్రాంతంలో సాధారణంగా ఊరు ముందుంటుంది, రైలు ఆ తరువాత వస్తుంది. ఇంగ్లాండులోని వోకింగ్ పట్టణంలో ఇది తారుమారైంది. అక్కడ స్టేషను ముందు వెలసింది, ఊరు దాని చుట్టూ తరువాత పెరిగింది. లండన్‌కు నైరుతి దిశలో సుమారు 39 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ పట్టణంలో మా అమ్మాయి, అల్లుడు కాపురముంటున్నారు. ఒక శీతాకాలం రెండు నెలలు వారి ఇంట గడిపాను. నేను బయలుదేరే ముందు మా మదరసాలోని సహోపాధ్యాయులొకరు, "మౌలానా, పిల్లలను చూసి రండి. కాని అంత దూరదేశంలో వారి దీన్ ఎన్నాళ్లు నిలుస్తుందంటారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. నా భయమూ అదే.

విమానం దిగాక హీత్రో నుంచి నేరుగా వోకింగ్ స్టేషనుకే వచ్చే బస్సు ఎక్కాను. ఆ విధంగా ఆ ఊరిలో నేను మొదట చూసినది స్టేషనే.

దాని చరిత్ర ఆసక్తికరమైనది. 1838 మే 21న లండన్–సౌతాంప్టన్ రైల్వే తన మార్గంలోని తొలి భాగాన్ని ఇక్కడి వరకు తెరిచింది. అప్పటికి ఇదంతా నిర్జనమైన బీడు. అసలు వోకింగ్ గ్రామం దూరంగా ఉండేది. అందువల్లనే స్టేషనుకు 'వోకింగ్ కామన్', అంటే వోకింగ్ ఉమ్మడి బీడు అని పేరు పెట్టారు. 1840లో మార్గం సౌతాంప్టన్ వరకు పూర్తయింది. 1845లో గిల్డ్‌ఫోర్డ్ శాఖ కలవడంతో ఇది జంక్షనైంది. ఇటు లండన్‌లో 1848 నుంచి వాటర్లూ స్టేషను ఈ మార్గానికి ముఖద్వారమైంది.

ఊరు పెరగడానికి మరొక కారణం శ్మశానం. లండన్ నగరంలో ఖననానికి స్థలం చాలక 1852లో ప్రత్యేక చట్టం ద్వారా ఒక కంపెనీ ఏర్పడి, ఈ బీడులో రెండువేల ఎకరాలకు పైగా కొన్నది. అందులో కొంత భాగంలో 1854లో బ్రూక్‌వుడ్ శ్మశానవాటిక తెరిచారు. మృతదేహాలను, బంధువులను తీసుకొచ్చేందుకు వాటర్లూ నుంచి ప్రత్యేక రైళ్లు నడిచేవి. మిగిలిన భూమిని కంపెనీ క్రమంగా అమ్మివేయగా, ఆ స్థలాలలో ఇళ్లు, వీధులు లేచాయి. మృతుల కోసం కొన్న నేలమీద బ్రతికినవారి పట్టణం వెలసిందన్నమాట!

1937లో ఈ మార్గంలో విద్యుత్ రైళ్లు వచ్చాయి. నేడు ఆరు ప్లాట్‌ఫారాలున్న ఈ స్టేషను నుంచి వేగంగా పోయే రైలులో అరగంటలోపే వాటర్లూ చేరవచ్చు. పోర్ట్స్‌మత్, సౌతాంప్టన్, ఎక్సెటర్ వైపులకూ నేరుగా రైళ్లున్నాయి. ఉదయం వేళ లండన్ వెళ్లే ఉద్యోగులతో ప్లాట్‌ఫారాలు కిటకిటలాడుతాయి. వారిలో మా అల్లుడూ ఒకడు.

స్టేషను నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే షాజహాన్ మసీదు వస్తుంది. బ్రిటన్‌లో మసీదుగానే నిర్మించిన తొలి కట్టడమిది. లాహోరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన లైట్నర్ అనే విద్వాంసుడు ఇక్కడ ప్రాచ్యవిద్యా సంస్థను నెలకొల్పి, భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ధనసహాయంతో 1889లో దీనిని కట్టించాడు. పక్కనున్న భవనం హైదరాబాదు దివాను సర్ సాలార్ జంగ్ పేరు మోస్తున్నది. ఆ పేరు విన్నప్పుడు స్వదేశం చేరువైనట్లనిపించింది.

అయితే 1899లో లైట్నర్ మరణించాక మసీదు మూతబడి, సుమారు 1913 దాకా అలాగే ఉండిపోయింది. గోడలు, గుమ్మటం నిలిచే ఉన్నాయి. లేనిది జమాఅత్ మాత్రమే. తలుపులు మళ్లీ తెరుచుకున్నాక, లండన్‌లో చెప్పుకోదగ్గ మసీదు లేని ఆ రోజుల్లో, ముస్లిములు రైలెక్కి ఈద్ నమాజుకు వోకింగ్ వచ్చేవారు. భవనాన్ని రాణిగారి ధనం కట్టింది. దానికి ప్రాణం పోసినవారు టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన ఆ సామాన్యులు.

ఒక ఆదివారం మనవణ్ణి వెంటబెట్టుకొని తరువాతి స్టేషనైన బ్రూక్‌వుడ్‌లో దిగాను. ఖుర్ఆన్ భావాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన ఇద్దరు మహనీయులు, మార్మడ్యూక్ పిక్తాల్, అబ్దుల్లా యూసుఫ్ అలీ, అక్కడి శ్మశానంలోనే విశ్రమిస్తున్నారు. పిక్తాల్ 1925లో హైదరాబాదు వచ్చి పాఠశాల ప్రిన్సిపాలుగా పనిచేశారు. నిజాం కొలువులో ఉండగానే, 1930లో ఆయన అనువాదం వెలువడింది. "నానా, ఈయన మన ఊరివారా?" అని మనవడు అడిగాడు. "మన ఊరికి వచ్చి పనిచేసి వెళ్లినవారు నాయనా. మీ నాన్న ఈ ఊరికి వచ్చి పనిచేస్తున్నట్లే" అన్నాను. ఇద్దరం చేతులెత్తి దుఆ చేశాం.

శీతాకాలంలో అక్కడ నాలుగు గంటలకే పొద్దుగుంకుతుంది. కాబట్టి జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మూడూ ఆఫీసు వేళలోనే వస్తాయి. మా అల్లుడు ఇంట్లో ఫజ్ర్ చదివి రైలెక్కుతాడు. ఆ మూడు నమాజులనూ తన కార్యాలయంలోని చిన్న గదిలో వేళకు నెరవేరుస్తాడు. సెలవు రోజున పిల్లలను మసీదుకు తీసుకెళ్తాడు. ఇవన్నీ చేయమని నేను చెప్పలేదు. నేను వెళ్లక ముందు నుంచీ సాగుతున్నవే.

తిరిగి వచ్చాక ఆ సహోపాధ్యాయులు మళ్లీ అదే అడిగారు. ఇలా చెప్పాను: "దీన్ నిలవడం దేశాన్ని బట్టి కాదండీ. మన వీధి మసీదులో ఫజ్ర్‌కు నిన్న ఎన్ని సఫ్‌లు నిలిచాయి?" ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఒకటి, అదీ సగమే" అన్నారు. మరునాటి ఫజ్ర్‌కు తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చారు.