ముగ్గుకి ముందు

మొదటిసారి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కొత్త ఫీచర్ రాసి పంపాను. "ముందు ఆ ఫైల్లో పాత కోడ్ శుభ్రం చేయండి, ఫీచర్ తర్వాత చూద్దాం" అన్నారు రివ్యూ చేసినాయన. ఒళ్ళు మండింది.

2012లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోకీ ఒక కొత్త ఫీచర్ వచ్చింది. అవతలివాళ్ళు చెప్పిన సైజు నిజమో కాదో చూసే చెక్ లేదని రివ్యూలో తేలలేదు. అదే హార్ట్‌బ్లీడ్. 2014లో బయటపడ్డాక ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఆ కోడ్ తీసుకుని ముందు చీపురు పట్టారు. మొదటి వారంలోనే 90,000 లైన్లకు పైగా తీసేశారు.

తిట్టుకుంటూనే నేనూ మొదలుపెట్టాను. మూడోరోజు కనబడింది: నా ఫీచర్ వాడుకునే పాత ఫంక్షన్ కూడా వచ్చిన సైజుని గుడ్డిగా నమ్ముతోంది. ఆ తలుపు బయటివాళ్ళకి తెరవబోయింది నేనే.

అమ్మ ఏనాడూ వాకిలి ఊడవకుండా ముగ్గు వెయ్యలేదు. అందరూ మెచ్చుకునేది మాత్రం ముగ్గునే.