అమ్మ రిపోర్టు

అమ్మకి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 172 వచ్చింది. సాయంత్రానికల్లా సలహాలు మొదలు. పక్కింటి పిన్నిగారు పరగడుపున వెల్లుల్లి నమలమన్నారు. మామయ్య పంపిన వీడియోలో ఒకాయన నెయ్యి ఎంత తింటే అంత మంచిదన్నాడు. తమ్ముడు గుడ్లు మానేయమన్నాడు. ఏం తినాలో తేలక అమ్మ రెండు రోజులు మజ్జిగన్నంతోనే సరిపెట్టుకుంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు గుర్తొచ్చింది, మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. భారతీయులు ఏం తినాలో 17 సూచనలతో 2024లో పుస్తకం విడుదల చేసింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. రాత్రి కూర్చుని అమ్మకి తెలుగులో చెబుతూ చదివాను. ఇంత దగ్గర్లో ఇంత మంచి పుస్తకం ఉంటే, మనం మాత్రం ఎవరెవరి మాటలో వింటున్నాం!

తర్వాత వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ తీశాను. మీద పచ్చటి అక్షరాలతో 'కొలెస్ట్రాల్ లేదు' అని ఉంది. అసలు ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. కానీ పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ని పెంచేది అది. అమ్మ ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్లూ గారెలు దీంట్లోనే కదే వేసింది" అంది.

ఓట్స్, బార్లీ, పప్పుధాన్యాల్లో ఉండే కరిగే పీచు ఎల్‌డీఎల్‌ని కొంత తగ్గిస్తుంది. రేపటి నుంచి బార్లీ జావ.

డాక్టరుగారిని థైరాయిడ్ పరీక్ష గురించి కూడా అడగాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.