చాలామంది అంటే ఎంతమంది?

మా కొల్లిపర మండలంలో కృష్ణ కరకట్ట వెంబడి పోతే పసుపు చేలు, అరటి తోటలు, కంద మళ్ళు కనిపిస్తాయి. ఆ తోటల చివర, కాలవ గట్టు మీదో కట్ట దిగువనో నాలుగు తాటాకు కప్పులు, నాలుగు రేకుల ఇళ్ళు కనిపిస్తే అది మా వాళ్ళ కాలనీ. వరి చేలల్లో ఎలుకల బుట్టలు పెట్టేదీ, చేపల చెరువుల కాడ రాత్రిళ్ళు కాపలా ఉండేదీ, అరటి గెలలు మోసేదీ మేమే. తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల సముద్రం ఒడ్డు దాకా యానాదులు లేని ఊరు తక్కువ. అయినా ఏ ఊళ్ళోనూ మేము ఎక్కువమందిమి లేము. మా ఇబ్బంది చాలావరకు ఈ రెండో మాటలోనే ఉంది.

ఒక ఏడాది శాసనసభ సమావేశాలకు ముందు మా శాసనసభ్యుడు వారం రోజులు నియోజకవర్గంలోనే ఉంటారని తెలిసింది. పొద్దున అర్జీలు తీసుకుంటారు, మధ్యాహ్నం ఆఫీసర్లతో కూర్చుంటారు, సాయంత్రం ఊళ్ళు తిరుగుతారు అన్నారు. ఆ ఆదివారం రాత్రి కాలనీ రామాలయం అరుగు మీద పెద్దలు, కుర్రాళ్ళు, మాలో టీచర్లుగా ఉన్న ఇద్దరం కూర్చున్నాం. దండ తీసుకుపోదామని ఒకరన్నారు. దండ ఖర్చుతో జిరాక్సులు తీయిద్దామని కుర్రాళ్ళన్నారు. చివరికి కుర్రాళ్ళ మాటే నిలిచింది.

సోమవారం తెనాలి వెళ్ళాం. మా కాగితంలో మూడు సంగతులు రాశాం. పిల్లలకు కుల ధృవీకరణ పత్రాలు లేవు, గురుకులంలో సీటు పోతోంది. పుట్టిన తేదీ పత్రాలు లేవు, ఆధార్ రావడం లేదు. మా శ్మశానం మట్టి కట్ట కింద ఉంది, దానికి దారి లేదు, హద్దులు లేవు. అక్షరం తప్పు లేకుండా రాశామని మాకు కాస్త గర్వం కూడా ఉంది.

ఆయన కాగితం మొత్తం చదివారు. చదివి, "మాస్టారూ, ఎంతమంది పిల్లలకు లేవు?" అన్నారు.

"చాలామందికి లేవండి" అన్నాం.

"చాలామంది అని కలెక్టరు గారికి రాస్తే ఆయన నన్ను అడుగుతారు, ఎంతమంది అని. సభలో లేచి చాలామంది అంటే మంత్రి గారూ అదే అడుగుతారు. మీరు అక్కడే ఉంటారు కదా, మీకు తెలియకపోతే నాకెట్లా తెలుస్తుంది?"

కోపంగా అన్న మాట కాదది. వెనక యాభై మంది వరసలో ఉన్నారు, అయినా మంచినీళ్ళు ఇప్పించి మరీ అడిగారు. అందుకే ఎక్కువ తగిలింది. ఆ కాలనీలో పుట్టాం, ఆ పిల్లలకే పాఠం చెబుతున్నాం. హాజరు పట్టీలో ఉన్న పేర్లు తెలుసు. పట్టీలోకి రాని పేర్లు ఎన్నో మాకూ తెలియదు. "శుక్రవారం మీ వైపు వస్తాను, లెక్క తీసి పెట్టండి" అన్నారాయన. తిరుగు బస్సులో ఎవ్వరం మాట్లాడుకోలేదు.

మంగళవారం బడి అయ్యాక రెండొందల పేజీల నోటు పుస్తకం కొని గడులు గీశాం. ఇంటి పేరు, మనుషులు, పుట్టిన చోటు, ఆధార్, రేషన్ కార్డు, కుల పత్రం, బడికి పోయే పిల్లలు, పోని పిల్లలు, కారణం. మొదటి ఇంట్లోనే పని ఆగింది. ఆ ఇంటి తాత పుస్తకం చూసి లోపలికి పోయాడు. "పేర్లు రాసుకునేది పోలీసోళ్ళురా. మీకెందుకు ఆ పని?" అన్నాడు.

ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో మన యువకులకు తెలియాలి. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తరవాత 1911లో వచ్చిన చట్టంతో మద్రాసు రాష్ట్రంలోనూ అది గట్టిగా అమలైంది. ఎరుకల వాళ్ళను, యానాదుల్లో కొందరిని ఆ జాబితాలో వేశారు. మనిషి ఏ తప్పూ చేయకపోయినా పుట్టుకతోనే పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు, హాజరు వేయించుకునేవాళ్ళు, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతుల్లో పెట్టారు. ఆ ఊరి పేరు మీద పడ్డ మచ్చను ఈనాటి దాకా కథలకూ సినిమాలకూ వాడుకుంటూనే ఉన్నారు.

ఆ చట్టం దానంతటది పోలేదు. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల గుడిసెలు తిరిగి, వాళ్ళ బతుకు రాసి, సంఘం కట్టి, ఆ చట్టం పోవాలని ఏళ్ళ తరబడి పోరాడారు. యానాదుల మీద ఒక పుస్తకమే రాశారు. ఆయన యానాది కాదు. అయినా ఇల్లిల్లూ తెలుసుకున్నాకే మాట్లాడారు, అందుకే ఆయన మాటకు బరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా 31 ఆగస్టు 1952న పోయింది. విముక్త జాతుల వాళ్ళు ఇప్పటికీ ఆ రోజును పండగ చేసుకుంటారు.

తాతకు ఇదంతా చెప్పలేదు. "తాతా, ఈ పుస్తకం మన దగ్గరే ఉంటది. స్టేషనుకు పోదు" అని మాత్రం అన్నాం. చాలాసేపు చూసి, "అయితే నా పేరు ముందు రాయండి" అన్నాడు. వాళ్ళు రాసిన లెక్కలో మనం దొంగలం. మనం రాసుకోని లెక్కలో మనం లేనే లేము. ఆ రాత్రి మాకు తట్టిన సంగతి అది.

బుధవారం, గురువారం రాత్రి పదింటి దాకా తిరిగాం. మొత్తం 38 ఇళ్ళు. కుల పత్రం లేని పిల్లలు 14 మంది తేలారు. పుట్టిన తేదీకి ఏ ఆధారమూ లేనివాళ్ళు 9 మంది, ఇంటి దగ్గరో చెరువు గట్టు మీదో పుట్టినవాళ్ళే అందరూ. పుట్టిన ఏడాది లోపల నమోదు చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్నవాళ్ళ ఉత్తర్వు కావాలి. కూలి మానుకుని ఎన్నిసార్లు తిరగాలో ఆలోచించండి. ఇక్కడ ఒక మాట తోటి ఉపాధ్యాయులకు. పుట్టిన తేదీ పత్రం లేదన్న కారణంతో బిడ్డను బడిలో చేర్చుకోననడం చెల్లదు. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ఆ మాట తేటగా చెబుతుంది. ముందు బిడ్డ లోపలికి రావాలి. కాగితం తరవాత వస్తుంది.

గురువారం రాత్రి చివరి ఇంట్లో జరిగింది రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆ ఇంటి పిల్లవాడు ఆరో తరగతి. లెక్కల్లో చురుకు. సంక్రాంతి తరవాత బడికి రాలేదు. వాళ్ళ నాన్న ఇంట్లో ఆపరేషన్ కోసం ఒక చెరువు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ బాకీ కింద తండ్రీ కొడుకూ ఇద్దరూ చెరువు మీదే పడుకుంటున్నారు. రాత్రి కాపలా తండ్రిది, పగలు కొంగల్ని తోలేది కొడుకుది. ఇది కాలనీలో అందరికీ తెలుసు. మాకూ తెలుసు. అయినా 'కారణం' గడిలో 'తెలియదు' అని రాశాం. ఆ యజమాని దగ్గర మా వాళ్ళు ఇంకా ఐదారుగురు పని చేస్తున్నారు. రాస్తే వాళ్ళందరి కూడు పోతుందేమోనని భయం.

ఆ పిల్లవాడి అమ్మకు చదువు రాదు. "మావాడి గురించి ఏం రాశారన్నా?" అంది. చదివి వినిపించక తప్పలేదు. బడికి పోవడం లేదు, కారణం తెలియదు అని చదివాం.

"నీకు తెలీదా అన్నా?" అంది.

అంతే అంది. మేము కలం తీసి ఆ మాట కొట్టేశాం. 'తండ్రి బాకీ కింద చెరువు కాపలా' అని రాశాం. యజమాని పేరు రాయమంటావా అని అడిగాం. "పేరొద్దు. వాడు బళ్ళో కూర్చుంటే చాలు" అంది. మేము పేరు రాయలేదు. అది ఆమె మాట మన్నించడమో, మా భయానికి ఆమె మాట ఆసరా దొరకడమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం.

శుక్రవారం సాయంత్రం శాసనసభ్యుడు వచ్చారు. అరుగు మీదే కూర్చున్నారు. నోటు పుస్తకం తెరిచి ఇల్లిల్లూ చూశారు. ఆ గడి దగ్గర ఆగారు, జనంలో ఏమీ అడగలేదు. పక్కకు పిలిచి, "పిల్లవాణ్ణి సోమవారం బడిలో చూస్తారు" అన్నారు. శ్మశానం దాకా నడిచారు. దారి లేని చోట ఆయన చెప్పులకూ మట్టి అంటింది. రెవెన్యూ వాళ్ళతో అక్కడే మాట్లాడారు. శనివారం 14 పేర్లూ 9 పేర్లూ జతపరిచి కలెక్టరుకు రాసిన ఉత్తరం నకలు మాకు పంపారు.

తరవాత ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పాలి. నెల తిరక్కముందే మా బడిలోనే ఒక గురువారం క్యాంపు పెట్టారు. 14 మందిలో 11 మందికి కుల పత్రాలు వచ్చాయి. ఒక అమ్మాయి గురుకులంలో చేరింది. పుట్టిన తేదీ పత్రాలు కొన్ని వచ్చాయి, కొన్నింటికి ఇంకా తిరుగుతున్నాం. శ్మశానానికి దారి పడింది, హద్దు రాళ్ళు ఇంకా పడలేదు. పిల్లవాడు సోమవారం బడికి వచ్చాడు. వాళ్ళ నాన్న మాత్రం ఆ చెరువు మీదే ఉన్నాడు. బాకీ కింద మనిషిని కట్టేసుకోవడం 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం, ఆ బాకీ చెల్లదు. ఆ సంగతి ఆయనకు చెప్పాం. "తరవాత పని ఎవరిస్తారు?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు దొరికేదాకా పిల్లవాడు బడికి వచ్చాడని చప్పట్లు కొట్టుకోలేము.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మన పిల్లలు ఒక లెక్క తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. గిరిజనులకు కేటాయించినవి 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఏజెన్సీ వైపే. అక్కడ మన వాళ్ళు ఒకచోట ఉన్నారు కాబట్టి అవి అక్కడ ఉండడం న్యాయమే. కానీ 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులే 5 లక్షల పైచిలుకు. నెల్లూరు నుంచి కృష్ణ దాకా ఊరికి పది ఇళ్ళుగా చెదిరి ఉన్నాం. చెదిరి ఉన్నందువల్ల మాకంటూ ఒక్క స్థానం లేదు. 2020 లాక్‌డౌన్‌లో ములుగు శాసనసభ్యురాలు సీతక్క అడవి దారుల్లో సరుకుల మూట నెత్తిన పెట్టుకుని గూడేలకు నడిచిన ఫోటోలు మా పిల్లలకు చూపించాం. "మనోళ్ళేనా టీచర్?" అని అడిగారు. కోయ ఆడబిడ్డ అని చెప్పాం. "మనకూ అట్లా ఉంటారా?" అని ఇంకో పిల్ల అడిగింది.

ఉండాలి. ఆ పిల్లే కావచ్చు. అప్పటిదాకా మనం ఓటు వేసిన మనిషి ఏ కులమైనా, ఏ పార్టీ అయినా, ఆయనే మన శాసనసభ్యుడు. సభలో ప్రశ్న వేయడం, కలెక్టరుకు రాయడం, జిల్లా సమీక్షలో ఆఫీసర్లను అడగడం ఆయన చేతిలో ఉన్నాయి. శాసనసభకు షెడ్యూల్డు తెగల సంక్షేమ కమిటీ ఉంది, దానికీ అర్జీ పెట్టుకోవచ్చు. కానీ వీటన్నిటికీ ముందు ఒక అంకె కావాలి. ఆ అంకె తెనాలిలోనో గుంటూరులోనో అమరావతిలోనో దొరకదు. మన అరుగు మీద, మన చేతులతో రాసుకుంటేనే దొరుకుతుంది.

మా నోటు పుస్తకం ఇప్పుడు బడి బీరువాలో ఉంది. ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం పెద్ద తరగతి పిల్లలతో కలిసి ఇల్లిల్లూ తిరిగి సరిచూస్తున్నాం. చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊళ్ళోనూ ఒక పుస్తకం కొనండి. గడులు గీయండి. ఒక్కటే జాగ్రత్త. 'కారణం' అన్న గడిలో తెలిసి తెలిసి 'తెలియదు' అని రాయకండి. మేము ఒకసారి రాశాం. ఆ పుటలో కొట్టివేత అట్లాగే ఉంది. చెరిపేయలేదు.