అయిదు నిమిషాల పాఠం

సెల్‌ఫోను కాలక్షేపాన్ని మేము ఎన్నడూ మెచ్చలేదు. మొన్న సెలవుల్లో కొల్లేటికోటలోని అక్కయ్య ఇంటికి వెళ్ళాము. చేపల చెరువు గట్టు తగాదాతో బావగారు, ఆయన తమ్ముడు ఏడాదిగా సలాం చెప్పుకోవడం లేదు. మూడు రోజులకు మించి పలకరింపు మానరాదని మదరసాలో బోధించే మేము అక్కడ నోరు మెదపలేకపోయాము.

ఆ రాత్రి మేనకోడలు అందరికీ రెండు లఘుచిత్రాలు చూపింది. మనుషులనే బొమ్మల్లా కదిలించిన కెనడా చిత్రం ‘నైబర్స్’ (1952)లో, సరిహద్దున పూసిన ఒక్క పువ్వు కోసం ఇరుగుపొరుగు కొట్టుకుని చనిపోతారు. ఇరాన్ దర్శకుడు కియారొస్తమీ 1975లో తీసిన బడి కథ అయిదు నిమిషాలైనా లేదు. నోటుపుస్తకం చిరిగిందని ఇద్దరు బాలురు మొదటి ముగింపులో కలబడతారు. రెండో ముగింపులో జిగురుతో అతికించుకుని స్నేహితులుగా మిగులుతారు.

“మళ్ళీ పెట్టు తల్లీ” అన్నారు బావగారు.

ఫజ్ర్ నమాజు తర్వాత ఆయన తమ్ముడి ఇంటి వైపు నడిచారు.