ఎవరి నాష్తా?

పాకిస్తాన్ పొమ్మనేవాళ్ళకు అక్కడ పొద్దున్నే ఏం తింటారో తెలుసా? చాలా ఏళ్ళు మాకూ తెలియదు. మా ఊళ్ళో పొద్దున అంటే సద్దన్నం, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. పండగ పూట సేమ్యా. సాయిబుల ఇల్లయినంత మాత్రాన పొయ్యి మీదికి నవాబుల దేగిశా రాదు. నహారీ, కుల్చా మొహం మేము చూసింది చదువుకని హైదరాబాద్ వచ్చాకే.

2019లో మేము ఆలుమగలం దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాం. శుక్రవారం పొద్దున్నే దేరాలో ఒక పాకిస్తానీ హోటల్‌కు తీసుకుపోయాడు. గుమ్మం పక్కనే పెద్ద కడాయి. అందులో పళ్ళెమంత మైదా పూరీలు పొంగుతున్నాయి. పూరీతో శనగల కూర, ఆలుగడ్డ కూర, నెయ్యి కారే సూజీ హల్వా. లాహోర్ వాళ్ళు ఇష్టంగా తినే హల్వా పూరీ ఇదే. ఓ ముక్క కారంలో, ఓ ముక్క తీపిలో ముంచుకుని తినాలి. ఆ తర్వాత నిహారీ వచ్చింది. మన పాతబస్తీ నహారీ పల్చగా ఉంటుంది, పాయా, జబాన్ వేస్తారు. ఇది పిండి కలిపిన చిక్కటి పులుసు. పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, నిమ్మరసం.

బాగుంది. ఆ మాట ఎందుకు దాచాలి? పూరీ, బొంబాయి రవ్వ, శనగలు, ఆలుగడ్డ. ఇందులో తెలుగు వంటింట్లో లేనిదేది?

వడ్డించే పంజాబీ పెద్దాయన "ఎక్కడివారు?" అని ఉర్దూలో అడిగాడు. హైదరాబాద్ అన్నాం. "సింధ్ హైదరాబాదా?" అన్నాడు. కాదు, దక్కన్ అన్నాం. మా తమ్ముడు "ఔర్ నక్కో, చాచా" అనేసరికి పకపకా నవ్వాడు. మా ఉర్దూ ఆయనకు వింత. మతం ఒకటైతే అన్నీ ఒకటేనని ఇక్కడ అనుకుంటారు. ఆ బల్ల దగ్గర మేము పరదేశులమే.

మాలో మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే వెనక బల్ల నుంచి కేక. "అన్నా, తెలుగోళ్ళేనా?" జగిత్యాల పిల్లవాడు. బిల్డింగ్ పని. మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ. ప్లేటు పట్టుకొచ్చి మా పక్కనే కూర్చున్నాడు. "గీ పూరీ తింటే మాపటిదాక ఆకలి కాదన్నా" అన్నాడు. ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ తిన్నాం. అతను తింటే అది నాష్తా. మేము తిని, బాగుందని రాస్తే?

అసలు ఆ వంట ఎవరిది? అరబ్బీలో నహార్ అంటే పగలు. నిహారీ పాత ఢిల్లీ వంట. 1947లో ఇళ్ళు వదిలిన కుటుంబాల వెంట కరాచీ చేరింది. మన దక్కనీలు వలసపోయి కట్టుకున్న హైదరాబాద్ కాలనీ కూడా కరాచీలోనే ఉంది. అక్కడ ఖట్టీ దాల్, బగారా బైంగన్ వండుతారు. అటు నుంచి ఇటూ వచ్చారు. విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన హిందువు ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో హైదరాబాద్‌లో కరాచీ బేకరీ పెట్టాడు. ఊరు పోయినవాడు ఊరి పేరైనా దగ్గర పెట్టుకున్నాడు. 2025 మేలో శంషాబాద్‌లో ఆ బోర్డును కర్రలతో కొట్టారు. కొట్టింది పాకిస్తాన్‌నా? నిలువనీడ లేక ఇక్కడికొచ్చి బతికిన మనిషి జ్ఞాపకాన్ని.

మేము సద్దన్నం తిని పెరిగిన తెలుగువాళ్ళం. అయినా ఆ గిన్నెను దేశభక్తికి సాక్ష్యంగా ఎవరి ముందూ పెట్టం. అది మా ఆకలి కథ, మా అమ్మల కష్టం. దేరా నిహారీ బాగుందంటే బాగుందనే. దాని వెనక ఇంకే అర్థమూ వెతకొద్దు. జగిత్యాల పిల్లవాణ్ణి అడగని ప్రశ్న మమ్మల్నీ అడగొద్దు. మేము అడుగుతున్నది అంతే.