పరీక్ష నాటి ఉదయం

బాగేపల్లి తాలూకాలో అదొక చిన్న పల్లె. చుట్టూ రాగి, వేరుసెనగ పండే మెట్టపొలాలు. ఇంట్లో తెలుగు, వీధి దాటితే కన్నడం, పైచదువుకు ఇంగ్లీషు. అక్కడి పిల్లలకు ఇది అలవాటే. ఆ పల్లెలో ఒక రైతు కూతురు ద్వితీయ పి.యు.సి. పరీక్షలు రాసింది. ఇంజనీరింగు చదవాలని ఆమె కోరిక. ప్రభుత్వ సీటు వస్తేనే అది తీరుతుంది. అందుకు కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంజనీరింగు ర్యాంకులో సగం పి.యు.సి. మార్కులకు, సగం ఈ పరీక్షకు లెక్క. సగం పని అయింది, మిగిలిన సగం ముందుంది.

ముందురోజు రాత్రే ప్రవేశపత్రం, గుర్తింపు కార్డు, రెండు పెన్నులు ఒక సంచిలో పెట్టుకుంది. పరీక్ష గదిలోకి గడియారం తీసుకుపోకూడదు గనుక దాన్ని గూట్లో పెట్టేసింది. తొమ్మిదింటికే పుస్తకం మూసింది. ఆ రాత్రి కొత్త పాఠం చదివితే, వచ్చిన పాఠం కూడా తడబడుతుందని ఆమెకు తెలుసు.

తెల్లవారుజామునే లేచి స్నానం చేసింది. తల్లి వేడివేడి రాగిముద్ద, పప్పు పెట్టింది. బయలుదేరే వేళకు అవ్వ కనబడలేదు. వెదికితే పెరట్లో గోడచాటున నిలబడి ఉంది. భర్త పోయినప్పటి నుంచి శుభకార్యానికి బయలుదేరేవాళ్లకు ఆమె ఎదురు రాదు. ఎవరూ వద్దనకపోయినా తానే తప్పుకుంటుంది.

“అవ్వా, నువ్వే ఎదురు రావాల” అంది మనుమరాలు.

“నేనెందుకులేమ్మా. మీ అమ్మ వస్తాదిలే.”

“నాకు లెక్క నేర్పింది నువ్వు. ఈ పొద్దు నువ్వు రాకుంటే నేను గడప దాటను.”

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకొని, వీధిలోకి వెళ్లి, నిండు చెంబుతో ఎదురు వచ్చింది.

బస్సు చిక్కబళ్లాపురం వైపు సాగింది. పక్కసీటులోని అబ్బాయి ఏదో సూత్రం అడిగాడు. ఆమెకు వెంటనే తట్టలేదు. గుండె దడదడలాడింది. అక్కడికి దగ్గరలోని ముద్దేనహళ్ళి ఆమెకు గుర్తొచ్చింది. తెలుగు ఇంట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఊరు అది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తిచేశారు. 1883లో పూనాలో ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నిలిచారు. ఆయనకూ పరీక్ష రోజు ఉదయం ఒకటి ఉండే ఉంటుంది కదా అనుకుంది. కళ్లు మూసుకొని తనకు బాగా వచ్చిన లెక్కనొకదాన్ని మనసులో చేసింది. కాసేపటికి ఆ సూత్రం తనంతట తానే గుర్తొచ్చింది.

పదిన్నరకు పరీక్ష మొదలైంది. అరవై ప్రశ్నలు, ఎనభై నిమిషాలు. తప్పు రాస్తే మార్కు తగ్గించరు. కాని పెన్నుతో వృత్తం నింపాక చెరపడానికి వీలులేదు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. ఆమె మాత్రం ప్రశ్నల అంకెలను తెలుగులోనే, పెదవి కదపకుండా లెక్కపెట్టుకుంది. అవ్వ సేరుతో రాగులు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేది కాదు, ‘లాభం’ అనేది. మొదటి వృత్తం దగ్గర ఆమె కూడా ‘లాభం’ అనుకుంది.

ఇరవైమూడో ప్రశ్న కఠినంగా ఉంటే వదిలి ముందుకు పోయింది. తరువాతి జవాబు నింపబోతూ ‘ఇరవైనాలుగు’ అనుకుంది. కాని పెన్నుమొన ఇరవైమూడో వరుస మీద ఉంది. చెయ్యి ఆగిపోయింది. ఆ ఒక్క వృత్తం నింపి ఉంటే, ఆ తరువాతి జవాబులన్నీ వరుస తప్పేవి. నిదానంగా ఒక వరుస కిందికి దిగి నింపింది. చివర్లో మిగిలిన సమయంలో వదిలిన ప్రశ్నకు తిరిగి వచ్చింది.

మరునాటితో పరీక్షలు ముగిశాయి. సాయంత్రం బస్సు దిగేసరికి అవ్వ రచ్చబండ దగ్గర కాచుకొని ఉంది. ఎలా రాశావని అడగలేదు. “తిన్నావామ్మా?” అని అడిగింది.

ఫలితాలు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ర్యాంకు ఎంత వస్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాని ఆ వేసవిలో పొరుగింటి పిల్లవాడు పట్నంలో బడికి చేరడానికి బయలుదేరినప్పుడు, వాళ్లు వచ్చి అవ్వనే ఎదురు రమ్మని పిలిచారు.